కరుణ తొమ్మిది, నా ముప్పై ఎనిమిది

2022 మార్చి 9, బుధవారం, ఉదయం పదిన్నర. మా చెల్లెలు కరుణ మిర్చి కళ్లంలో తాలుకాయలు ఏరడానికి కింద కూర్చోబోయి, కూర్చోలేకపోయాను. మోకాళ్లు మడిచాను. పొట్ట అడ్డొచ్చింది. చెయ్యి నేలకు ఆనించి, పక్కకు ఒరిగి, ఎలాగో కూలబడ్డాను. లంగా బొందు నడుముకు కోసుకుపోతున్నట్టుంది.

అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్లు. సత్తెనపల్లి మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. ఏ సంగతైనా తేదీతో, గంటతో గుర్తుంచుకుంటాను. కరుణ నాకన్నా ఆరేళ్లు చిన్న. దగ్గర పల్లెలో భర్త యోహానుతో కలిసి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేసేది. ఆ ఏడు నల్ల తామర పురుగు పడి కాపు సగం పోయింది. వచ్చిన కాయలోనూ తెల్లబడ్డ తాలు ఎక్కువ. తాలు ఏరడంలో నా చెయ్యి నిదానం, కరుణ చెయ్యి వేగం.

నేను కూలబడడం చూసి కరుణ నవ్వింది. "పెన్షను తిని పొట్ట పెంచావక్కా. ఈసారి నుంచి కళ్లంలో నీకు కుర్చీ వేయించాలి," అంది. ఏరుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. కరుణ ఏమన్నా జనం నవ్వుతారు. నేను అన్నేళ్లు బడిలో చెప్పిన దేనికీ ఎవరూ నవ్వలేదు.

మా ఇద్దరి మధ్య సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కరుణకు గొంతు ఉంది. చిన్నప్పుడు నాన్న ఆదివారం గుడికి కరుణను భుజాన ఎక్కించుకుని పోయేవాడు, అక్కడ పాడించాలని. నేను నాన్న చెప్పుల వైపు చూస్తూ వెనక నడిచేదాన్ని. తరగతిలో నాకు నూటికి తొంభై ఎనిమిది వస్తే, ఆ రెండూ ఎక్కడ పోయాయి అనేవాడు. కరుణకు నలభై వస్తే, పాసయ్యావా తల్లీ అనేవాడు. అప్పటి నుంచీ నేను కరుణను కొలుస్తూనే ఉన్నాను. అరవై దాటాక కూడా ఆ అలవాటు పోలేదు.

మొదటి నెల అంతా గ్యాస్ అనుకున్నాం. మా వీధి డాక్టరు మాత్రలు ఇచ్చాడు, తర్వాత ఆకలి మందు ఇచ్చాడు. రెండు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. మెడ కింద ఎముకలు తేలుతున్నాయి, నడుము మాత్రం లావెక్కుతోంది. మా కోడలు విమల ఒకరోజు నా జాకెట్ల చేతులు లోపలికి కుట్టి, ఆ పూటే లంగాలు వదులు చేసింది. రెండో పని మధ్యలో సూది ఆపి, "అత్తయ్యా, ఇది గ్యాస్ కాదు. రేపు గుంటూరు పోదాం," అంది.

ఏప్రిల్ 6న గుంటూరులో స్కాన్ తీశారు, రక్తం తీసుకున్నారు. రక్తంలో ట్యూమర్ మార్కర్ అని ఒకటి చూస్తారని అప్పుడే విన్నాను. నాకు చూసినదాని పేరు సి.ఎ. 125. అండాశయంలో గడ్డ ఉన్న చాలామందికి ఆ పదార్థం రక్తంలో పెరుగుతుందట. ముప్పై అయిదు లోపు మామూలు. నా కాగితం మీద 1184 అని ఉంది. నేను ముందు దశాంశ బిందువు కోసం వెతికాను. లేదు.

మమ్మల్ని చూసిన డాక్టరమ్మ మాట తక్కువ మనిషి. ఆ అంకె ఒక్కదాన్ని చూసి జబ్బు ఉందని చెప్పకూడదు, వేరే కారణాలకు కూడా పెరుగుతుంది, గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష కూడా చూడాలి అంది. అన్నీ చూశాక, ఉందని చెప్పింది. మా అబ్బాయి రాజు గోడ మీద ఉన్న క్యాలెండరు చదువుతూ నిలబడ్డాడు. విమల నా చెయ్యి పట్టుకుంది. ఆ గదిలో నాకు బాగా గుర్తున్నది భయం కాదు. చెయ్యి పట్టుకుంది కొడుకు కాదు కదా అన్న ఆలోచన.

తర్వాత డాక్టరమ్మ మా అమ్మ గురించి అడిగింది. అమ్మ యాభై అయిదేళ్లకు పొట్ట ఉబ్బి పోయింది. అప్పట్లో కామెర్లనుకుని చెట్టుమందు పోయించాం. అక్కచెల్లెళ్లు ఉన్నారా అంది. ఒక చెల్లెలు ఉందన్నాను. వెంటనే తీసుకురమ్మంది.

కరుణ రానంది. కాయ ఎండింది, మిర్చి యార్డుకు తోలాలి, నాకేం జబ్బు అంది. రెండుసార్లు ఫోను చేశాను. ఏప్రిల్ 18న నాకు మొదటిసారి కీమో మందు ఎక్కించారు. ఆ వారంలోనే, నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉండగా, బస్సెక్కి వాళ్ల ఊరు పోయి తనను పట్టుకొచ్చాను. స్కానులో ఎడమ వైపు బత్తాయంత గడ్డ కనబడింది. రక్తంలో అంకె 29.

నాకు 1184. తనకు 29. గడ్డ లోపల పెట్టుకుని కూడా జబ్బు లేనివాళ్ల అంకె.

ఆ రోజు డాక్టరమ్మ అన్న మాట కరుణ విన్నది, యోహాను విన్నాడు, నేనూ విన్నాను. "గడ్డ ఉండగానే ఈమె రక్తంలో ఇది పెరగలేదు. కొందరి గడ్డలు అంతే, ఈ పదార్థాన్ని వదలవు. కాబట్టి రేపు ఈమె అంకె తక్కువ వచ్చిందని సంతోషపడకండి. ఈమెకు స్కాన్లే దిక్కు, అవి మానొద్దు." తర్వాత నా వైపు తిరిగి, "మీ అంకె మాత్రం జబ్బుతో పాటు నడిచేది. మీకు దాన్ని చూసుకుంటూ పోదాం," అంది.

ఈ ఒక్క విషయంలో నా రక్తమే మెరుగన్నట్టు నాకు వినబడింది. అంత జబ్బులో కూడా అది నాకు బాగుండింది.

మే నెలలో కరుణకు ఆపరేషన్ చేశారు. జబ్బు ఆ గడ్డ దాటలేదన్నారు. తనకు మూడుసార్లు మందు ఎక్కిస్తే చాలన్నారు. నాకు మూడుసార్లు మందు, జూన్ 27న ఆపరేషన్, మళ్లీ మూడుసార్లు మందు. మా తేదీలు కొన్ని కలిశాయి. కలిసినప్పుడు గుంటూరు ఆస్పత్రి కింద అంతస్తులో, రక్తం ఇచ్చే గది ఎదురుగా ఉన్న ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం.

యోహాను సంచిలో బత్తాయిలు తెచ్చేవాడు. ఒక్కొక్క తొన తీసి, మీద తెల్లటి పొర కూడా ఒలిచి, గింజ తీసి కరుణ చేతిలో పెట్టేవాడు. నాకూ ఇచ్చేవాడు, "తీసుకో వదినా," అని. నాకిచ్చిన తొనకు పొర ఉండేది. మా ఆయన పోయి అప్పటికి పదకొండేళ్లు. ఆయన ఉన్నా నాకు బత్తాయి ఒలిచేవాడు కాదు, అది నాకు తెలుసు. అయినా ఆ పొరలేని తొనల వైపు చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

ఆ బెంచీ మీదే వాడరేవు నుంచి వచ్చే కోటమ్మ పరిచయమైంది. ఎండుచేపల వ్యాపారం. మందు తర్వాత నోట్లో ఇనుము రుచి పోవడానికి నాకు నిమ్మ బిళ్లలు ఇచ్చింది, ఫ్యాను కింద చోటు ఇచ్చింది. ఆమె తన రిపోర్టు చూసేది కాదు. మడత విప్పకుండా డాక్టరమ్మకు ఇచ్చి, ఆమె ముఖం చూసి బయటికి వచ్చేది. "నేను చూస్తే తగ్గుతుందా టీచరమ్మా," అనేది. నాకు ఆమె మీద కూడా కుళ్లు పుట్టింది. మడిచిన కాగితాన్ని మడిచినట్టే ఉంచడం నాకు జన్మలో చేతకాదు.

నా అంకె దిగింది. 612, 270, 104. ఆపరేషన్ తర్వాత 66. అక్కడ ఒక పని చేశాను. మిర్చి మచ్చు పట్టుకుని నలుగురు వ్యాపారుల దగ్గర తిరిగి ఎక్కువ చెప్పినవాడికి అమ్మడం మా ప్రాంతంలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. అలాగే నేను అదే వారం ఇంకో ల్యాబుకు పోయి మళ్లీ రక్తం ఇచ్చాను. అక్కడ 58 వచ్చింది. ఆ కాగితాన్ని సంతోషంగా డాక్టరమ్మకు చూపించాను. ఆమె చూసి, పక్కన పెట్టి, ల్యాబుకో పద్ధతి ఉంటుంది, ఒకచోటి అంకెను ఇంకోచోటి అంకెతో పోల్చకూడదు, ఇంకెప్పుడూ ఈ పని చేయొద్దు అంది. పిల్లలను నేను మందలించినట్టే మందలించింది. విమల ఇంటికి వచ్చేదాకా ఊరుకుని, అన్నం పెడుతూ అంది: "అత్తయ్యా, మీ అంకె తగ్గాలని చూస్తున్నారా, చిన్నత్తయ్యదానికన్నా తగ్గాలని చూస్తున్నారా?" ఆ రోజు నేను విమలతో మళ్లీ మాట్లాడలేదు. నా కోసం తను ప్రైవేటు బడిలో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. అది గుర్తుండి కూడా మాట్లాడలేదు.

సెప్టెంబరులో కరుణకు 9 వచ్చింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. జబ్బు చేసినవాళ్ల పేరు ఆదివారం ప్రార్థనలో చదువుతారు. తగ్గితే ఆ మనిషి లేచి సాక్ష్యం చెప్పాలి. వీలైనవాళ్లు కృతజ్ఞత కూటం పెట్టి భోజనాలు పెడతారు. మా ఇద్దరి పేర్లూ ఆ వేసవి అంతా కలిపే చదివారు. అంకెలు దిగాలని ప్రార్థించారు. అంకె అనేది జనానికి పట్టుకోవడానికి తేలిగ్గా ఉంటుంది. స్కాను గురించి ప్రార్థించడం ఎవరికీ రాదు.

అక్టోబరు 16, ఆదివారం, కరుణ వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. మూడొందల మంది. కోడి బిర్యానీ, పెరుగు చట్నీ. కరుణ తెల్ల చీర కట్టుకుని, అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు మీద ముసుగు లేకుండా నిలబడింది. ఆ జుట్టు కూడా తనకు అందంగానే ఉంది. ముందు పాడింది. తర్వాత, "ప్రభువు నా అంకెను ఇరవై తొమ్మిది నుంచి తొమ్మిదికి దించాడు. నాకు జబ్బు లేదు," అంది. మూడొందల మంది ఆమెన్ అన్నారు. తనను స్కానుకు లాక్కొచ్చిన మనిషి రెండో వరసలో కూర్చుని ఉంది. ఆ మనిషి మాట సాక్ష్యంలో రాలేదు.

ఆ వారం నా అంకె 38.

భోజనాల దగ్గర ఆడవాళ్లు నన్ను అడిగారు, మీదెంతకు దిగింది టీచరు గారూ అని. చెప్పాను. ఒకామె నా విస్తట్లో ఇంకో ముక్క వేస్తూ, ఇంకొంచెం విశ్వాసంతో ప్రార్థన చేసుకోండి అంది. ముప్పై ఎనిమిదిలోంచి తొమ్మిది తీసేస్తే మిగిలిన ఇరవై తొమ్మిదీ నాకు తక్కువైన విశ్వాసం అన్నమాట.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. చేతులు కడుక్కునే చోట, పదిమంది వింటుండగా అన్నాను. "దాని తొమ్మిదికి విలువ లేదు. గడ్డ ఉన్నప్పుడే ముప్పై దాటలేదు. డాక్టరమ్మే చెప్పింది. స్కాను చూస్తే గానీ ఏ సంగతీ తెలియదు."

చెప్పింది నిజమే. ఒక్క అక్షరం పొల్లు లేదు. కానీ నా గొంతులో ఉన్నది ఆ ఆడవాళ్లకు బాగా వినబడింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి ఆ మాట కరుణకు చేరింది. క్రిస్మస్ దాకా మా ఇంటికి రాలేదు.

2023 నాకు నెమ్మదిగా గడిచింది. 31, 22, 17. ముప్పై అయిదు కిందికి దిగిన రోజున విమల సేమ్యా పాయసం చేసింది, రాజు మొదటిసారి నా రిపోర్టును ఫోనులో ఫొటో తీసుకున్నాడు. నేను సాక్ష్యం చెప్పలేదు. పాస్టరు గారు రెండుసార్లు అడిగారు. కరుణ చెప్పిన చోట నేను రెండో మనిషిగా నిలబడి చెప్పలేను.

కరుణ ఆ ఏడాది ఒక్క స్కానుకు పోయింది, మార్చిలో. బాగుందన్నారు. తర్వాతది జూలైలో. పోలేదు. సత్తెనపల్లిలోనే రక్తం ఇచ్చి అంకె తెప్పించుకునేది. 10 వచ్చింది, 11 వచ్చింది. ఆ కాగితాన్ని సంఘం ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చేవి. నేను ప్రతిసారీ చూసేదాన్ని. బొమ్మ పెట్టేదాన్ని కాదు.

2024 ఫిబ్రవరి 22, గురువారం, మధ్యాహ్నం మూడున్నర. మళ్లీ అదే కళ్లం. ఈసారి కాపు బాగుంది, నేల కనబడకుండా ఎర్రగా పరిచి ఉంది. నేను ఒక పక్క కూర్చుని ఏరుతున్నాను. కరుణ ఎదురుగా వచ్చి కూర్చోబోయింది. మోకాళ్లు మడిచింది. ఆగింది. చెయ్యి నేలకు ఆనించి, పక్కకు ఒరిగి, కూలబడింది.

అప్పుడు మిగతాది చూశాను. జాకెట్ చేతులు వదులుగా వేలాడుతున్నాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చీర కుచ్చిళ్లు మాత్రం పొట్ట కిందికి కట్టింది. యోహాను రోజూ పక్కనే ఉండి కూడా చూడలేదు. మూడొందల మంది చూడలేదు. అరవై ఏళ్లుగా తనను కొలుస్తున్న నాకు కనబడింది.

"ఏందక్కా అట్టా చూస్తావు?" అంది.

"అన్నం ఎన్ని ముద్దలు తింటున్నావు?"

"గ్యాస్‌లే. మొన్ననే టెస్టు చేయించా, పన్నెండు."

"పన్నెండు నాకు చెప్పొద్దు. స్కాను తీయించు."

కరుణ చేతిలో కాయ కింద పడేసింది. "మళ్లీ మొదలుపెట్టావా? నా తొమ్మిది చూసినప్పట్నుంచీ నీకు కడుపు మండుతూనే ఉంది. నాకు తిరగబెట్టాలని ఉందా నీకు?"

"కడుపు మంట ఉంది. కుళ్లే. స్కాను తీయించు."

అలా ఒప్పుకుంటానని తను అనుకోలేదు. పడేసిన కాయను మళ్లీ చేతిలోకి తీసుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఏ మొహం పెట్టుకుని పోనక్కా? జబ్బు లేదని మైకులో చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఇప్పుడు పొట్ట పట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కితే, ఆ రోజు చెప్పింది అబద్ధమంటారు. నన్నంటే అననీ. ఆయన్ని అంటారు." ఆయనంటే యోహాను కాదు. పైకి చూసి చెప్పింది.

అంటే తనకు ముందే అనుమానం ఉంది. నెలల తరబడి ఒక్కతే మోస్తోంది. బతిమాలితే వినదు, భయపెడితే వినదు. మా ఇద్దరికీ తెలిసిన దారి ఒక్కటే ఉంది, పోటీ.

"పందెం," అన్నాను. "స్కానులో ఏమీ లేకపోతే, వచ్చే ఆదివారం ఆరాధనలో లేచి చెప్తా. మా చెల్లెల్ని చూసి కుళ్లుకుని ఆ మాట అన్నానని."

కరుణ తల ఎత్తింది. "మైకులో చెప్తావా?"

"మైకులోనే."

"పాస్టరు గారు ఉండగా?"

"ఉండగానే."

"అయితే సోమవారం పోదాం," అంది. ముఖంలో వెలుగు వచ్చింది. చిన్నప్పుడు నాన్న భుజం మీద ఎక్కినప్పటి వెలుగు.

సోమవారం గుంటూరులో అదే బెంచీ. యోహాను, బత్తాయిల సంచి. కరుణ నా సాక్ష్యానికి నాకు మాటలు నేర్పుతూ కూర్చుంది. "అసూయ అనొద్దక్కా, మర్యాదగా ఉంటది. కుళ్లు అని చెప్పు. ఆ విశ్వాసం మాట అన్న ఆవిడ వైపు తిరిగి చెప్పు. చివర్లో నేను ఒక చరణం అందుకుంటా." సరేనన్నాను. ఆ రెండు గంటలూ నేను ప్రార్థన చేశాను. నేను ఓడిపోవాలని కోరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. అందులో కూడా, ఓడిపోతే ఆదివారం ఎలా ఉంటుందో తలుచుకుని ముఖం మండింది.

లోపలికి పిలిచారు. పొత్తికడుపులో పెద్ద గడ్డ, పేగును నొక్కుతోంది. కాలేయం మీద మచ్చలు. ఆ రోజు రక్తంలో అంకె 14.

"నా అంకె తప్పా అమ్మా?" అని అడిగింది కరుణ.

"తప్పు కాదమ్మా. మీ జబ్బు ఆ అంకెలో కనబడేది కాదు. మొదటి రోజే చెప్పాను," అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి అంది.

బయట బెంచీ మీదికి వచ్చాం. యోహాను గోడకు ముఖం పెట్టుకుని నిలబడ్డాడు. కరుణ నా వైపు చూడకుండా, "నువ్వే గెలిచావక్కా," అంది. పాటలో, నాన్న దగ్గర, జనంలో, అంకెలో, ఎక్కడా తన మీద నేను అంతకు ముందు గెలవలేదు. ఏం చేయాలో తెలియక సంచిలోంచి బత్తాయి తీసి ఒలిచాను. నాకు ఆ పని రాదు. తొన చితికి రసమంతా చీర మీద పడింది. మిగిలిన ముక్కను కరుణ పొరతోనే తిన్నది.

ఏప్రిల్ 14, ఆదివారం, కరుణ ఆరాధనలో మైకు అడిగింది. నిలబడలేదు, కుర్చీ వేశారు. "నేను తొమ్మిది అని చెప్పాను, అది నిజమే. జబ్బు లేదన్నాను, అది నాకు తెలియని సంగతి. నా అంకె చూసి నేను మోసపోయాను, దేవుణ్ణి చూసి కాదు. మీ కడుపు సంగతి మీ కడుపును అడగండి. స్కాను తీయమంటే తీయించుకోండి. మా అక్క మొదట్నుంచీ ఇదే చెప్పింది. కుళ్లుతో చెప్పిందని నేను వినలేదు," అంది. కొంతమంది నా వైపు తిరిగి చూశారు. గుడిలో కాసేపు ఎవరూ ఆమెన్ అనలేదు. తర్వాత వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు. అప్పుడు అందరూ అన్నారు.

ఆ తర్వాతి నెలలో మా సంఘం నుంచి నలుగురు ఆడవాళ్లు గుంటూరు పోయి పరీక్షలు చేయించుకున్నారు. నేను అంతకుముందు చెప్తే కుళ్లు అన్న మాటను, కరుణ ఒక్కసారి చెబితే సాక్ష్యం అన్నారు. రాస్తున్న ఈ రోజుకు కూడా అది నాకు మింగుడు పడలేదు.

మందులు మార్చి మార్చి ఇచ్చారు. కొన్నాళ్లు ఆగింది. ఆ ఏడు మిర్చి వేయలేదు, పొలం వదిలేశారు. 2025 ఫిబ్రవరిలో ఇంక మందు వద్దు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను వాళ్ల ఇంటికి పోయి ఉన్నాను. నొప్పి మందు ఏ గంటకు ఇవ్వాలో చూసుకోవడం నా పని, తల దువ్వడం, పక్కన కూర్చోవడం యోహాను పని. కరుణ యోహాను చేతినే పట్టుకునేది. మందు నా చేతి నుంచి తీసుకునేది.

ఏప్రిల్ మొదటి వారంలో నా మూడు నెలల రిపోర్టు వచ్చింది. రాజు దాన్ని తీసుకుని ఆ ఊరు వచ్చాడు. ఫొటో పంపొచ్చు కదా అంటే, కాగితం చూస్తే గానీ నీకు నమ్మకం కుదరదుగా అన్నాడు. మంచం పక్కన నిలబడి మడత విప్పాను.

కరుణ కళ్లు తెరిచింది. "నీదెంత?"

"పదహారు."

"డిసెంబరులో నాది పదిహేను," అంది. కాస్త ఆగి, ఊపిరి తీసుకుని, "ఇప్పటికీ నాదే తక్కువ," అని నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చింది. నొప్పితోనే నవ్వింది. యోహాను నవ్వాడు, రాజు నవ్వాడు. నేను కూడా నవ్వాను. కరుణ ఏమన్నా జనం నవ్వుతారు.

ఏప్రిల్ 11, శుక్రవారం, ఉదయం ఆరుంపావుకు పోయింది.

ఈ పరీక్ష చేయించుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీ అంకె మీ జబ్బుతో పాటు నడుస్తుందా, నడవదా అని మొదటి రోజే డాక్టరును అడగండి. నడిచేదైతే ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోండి. నడవనిదైతే అది ఎంత తక్కువ వచ్చినా పండగ చేయకండి, స్కాను తేదీ వదలకండి. పక్కవాళ్ల అంకె పక్కన మీది పెట్టకండి. ఈ చివరిది నేను చేయలేకపోయాను. జబ్బు తిరగబెట్టిన వాళ్లు సిగ్గుపడొద్దు. మీరు ముందు చెప్పిన సాక్ష్యం ఎక్కడికీ పోదు. మీకు గిట్టని మనిషి మీ ఒళ్లు చూసి ఒక మాట అంటే, తిట్టండి, కానీ పోయి చూపించుకోండి.

ఇక పోయినవి.

నా జుట్టు. తిరిగి వచ్చింది, ఉంగరాలు తిరిగి వచ్చింది. పదకొండు కిలోల బరువు. ఆరు తిరిగి వచ్చాయి. కాలి వేళ్ల చివర స్పర్శ. రాలేదు. విమల ఉద్యోగం. ఇంకో బడిలో వచ్చింది, జీతం తక్కువ. వాడరేవు కోటమ్మ. 2023 ఆగస్టు నుంచి బెంచీ మీద కనబడలేదు, నేను ఎవరినీ అడగలేదు. కరుణ కౌలు పొలం. ఇప్పుడు వేరేవాళ్లు పత్తి వేశారు.

ఒక చెల్లెలు.

రిపోర్టు వచ్చిన రోజున, నీదెంత అని అడిగే మనిషి.